లగన్‌లో నా వైపు

నా దోస్త్ తోల్కిన్ తన ప్యాంటు నడుము బిగించమని నాలుగోసారి నా కొట్టుకి తెచ్చిన రోజున నేను వేలికి సూది గుచ్చుకున్నాను. మా ఊరు మార్గిలాన్‌లో ముప్ఫై ఏళ్ళుగా దర్జీ పని చేస్తున్నాను. సూది గుచ్చుకోవడం నాకు అలవాటు లేదు.

"ఇంకో నాలుగు సెంటీమీటర్లు తియ్యరా ఎర్గాష్," అన్నాడు, వదిలేస్తే జారిపోతుందని ప్యాంటు రెండు చేతులా పట్టుకుని.

"మాటిమాటికీ ఈ కుట్లెందుకు? కొత్తది కుట్టించుకోవచ్చుగా?"

"ఇంకా తగ్గుతాను గదా! మార్చిలో అన్నీ ఒకేసారి కుట్టించుకుంటా."

ఇంకా తగ్గుతాడట! టేపు అతని నడుము చుట్టూ తిప్పాను. అక్టోబరులో నూట పద్దెనిమిది ఉన్న నడుము తొంభై తొమ్మిదికి వచ్చింది. అంకె బయటికి చదవలేదు. అతనే వంగి చూసుకుని మురిసిపోయాడు. అతను వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి అదే టేపు నా నడుముకి చుట్టుకున్నాను. నూట పదిహేను. అక్టోబరులో నూట పదమూడే ఉండేది.

నా కడుపు మండిందంటే మండదా మరి? ఆ నాలుగు నెలల్లో వారానికి ఆరు రోజులు నేను తిన్నదేమిటో మా ఇంట్లో అడగండి. పొద్దున రెండు కోడిగుడ్లు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కోడి, తరిగిన ముల్లంగి, సాయంత్రం పెసల జావ మీద ఒక గరిటెడు పెరుగు. చక్కెర ముట్టలేదు. టీతో ఎండు ద్రాక్ష నవలడం మానేశాను. తందూరు నుంచి అప్పుడే తీసిన నాన్ రొట్టె వాసనకి ముక్కు మూసుకుని వీధి దాటాను. కాలవ గట్టు మీదుగా కొట్టుకి నడిచి వెళ్ళాను, నడిచి వచ్చాను. అయినా నేను పెరిగాను, వాడు తగ్గాడు.

అసలీ పోటీ పెట్టింది కూడా నేనే. ఆ సంగతి తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

మేం పదిమందిమి ఒకే బళ్ళో, ఒకే తరగతిలో చదివాం. ఇప్పుడు అందరికీ యాభై దాటాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వంతులవారీగా ఒకరింట్లో చేరతాం. దీన్ని మా దగ్గర గప్ అంటారు. కబుర్లు చెప్పుకుంటాం, ఒకణ్ణొకడు ఆటపట్టించుకుంటాం, చివరికి పులావ్ తింటాం. గప్‌కి ఒక పెద్ద ఉంటాడు. గుమ్మానికి దూరంగా, గది పైభాగాన అతని పరుపు ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరితో కలిసి ఒకే లగన్‌లో, అదే పెద్ద పళ్ళెంలో, తినాలో అతనే చెబుతాడు. అతను చెయ్యి పెట్టందే ఎవరూ పళ్ళెంలో చెయ్యి పెట్టరు. పదకొండేళ్ళుగా ఆ పెద్దని నేను. కొట్లో నన్ను రోజుకి ఇరవై మంది తిడతారు, జేబు వంకర పోయిందని, చెయ్యి పొట్టి అయిందని. ఇంట్లో నా మాట ఎంత చెల్లుతుందో చెప్పుకోకపోవడమే మంచిది. ఆదివారం ఆ పరుపు మీద కూర్చున్న నాలుగు గంటలే నేను మనిషిని.

కిందటి అక్టోబరులో మా మొహిద్దీన్‌కి గుండె ఆపరేషన్ అయింది. మేమందరం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు మా పొట్టల్ని వరసగా చూసి, "తరవాత ఎవరు?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం గప్‌లో ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు నేను ధైర్యం చెప్పే పెద్దమనిషిలా లేచి, "మార్చిలో నవ్రూజ్ పండగ నాటికి మనలో ఎవరు ఎక్కువ కిలోలు తగ్గితే వాడే గప్‌కి పెద్ద. నా పరుపు వాడికిచ్చేస్తా," అన్నాను. ఎవడు తగ్గుతాడులే అని నా ధీమా. తొమ్మిది మందీ తిండిపోతులే, అందులో తోల్కిన్ మరీను. బళ్ళో భూగోళం పాఠాలు చెబుతాడు. పిల్లలు అతన్ని వెనకనుంచి గ్లోబు అనేవాళ్ళు.

బజారులో బియ్యం వ్యాపారం చేసే నోసిర్, ఆ రోజే మమ్మల్ని తన కొట్టుకి తీసుకెళ్ళి బస్తాలు తూచే కాటా మీద ఒక్కొక్కణ్ణే నిలబెట్టాడు. నేను నూట ఎనిమిది. తోల్కిన్ నూట పన్నెండు.

జనవరికల్లా తోల్కిన్ తొంభై ఒకటికి దిగాడు. వీధిలో ఎవరు ఎదురైనా అతని పేరే. అతను ఏం తింటున్నాడు, ఎప్పుడు తింటున్నాడు, సూప్ ముందు తాగుతాడా తరవాత తాగుతాడా అని అడగడమే. రొట్టె, పులావ్ ఒకే పూట తినకూడదని అతను చెబితే మా గప్‌లో మిగతా ఎనిమిది మందీ తలలూపారు. అదే ముక్క నేను రెండేళ్ళ కిందట చెబితే ఒక్కడూ వినలేదు.

ఇంట్లో నా భార్య ఓయ్‌దిన్ పుండు మీద కారం చల్లేది.

"ఏమండీ, ఇవాళ తోల్కిన్ గారు బజార్లో కనిపించారు. గుర్తుపట్టలేకపోయాననుకోండి. ఆయనకి మెడ ఉందని నాకిన్నాళ్ళూ తెలీదు."

"మెడ అందరికీ ఉంటుంది."

"ఉంటుంది లెండి. కనిపించాలిగా!"

ఆ రాత్రి పెసల జావ సగంలోనే పక్కకి నెట్టేశాను. వాడి మెడ మీద నాకు ఎంత కుళ్ళు పుట్టిందో చెప్పలేను. చిన్నప్పుడు కాలవలో ఈత నేర్పింది నేను, వాడి పెళ్ళికి కోటు కుట్టింది నేను, వాడి తండ్రి పోతే పాడె మోసింది నేను. ఇవన్నీ నిజమే. అయినా వాడు పరుపు మీద నా చోట కూర్చున్నట్టు, నేను గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూర్చున్నట్టు రోజూ ఊహించుకుని కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

ఒక్కటే నాకు ఓదార్పుగా ఉండేది. వాడికి నా మీద మర్యాద తగ్గలేదు. ఏళ్ళ తరబడి గప్‌లో నేనూ వాడూ ఒకే లగన్‌లో ఎదురెదురుగా కూర్చుని తింటాం. పెళ్ళిళ్ళలో తెల్లవారే పెట్టే పులావ్‌కీ కలిసే వెళతాం, అక్కడా ఒకే పళ్ళెం. శరదృతువులో మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి కొదవా? వారానికి రెండైనా ఉంటాయి. పిలిస్తే వెళ్ళకపోతే బాగుండదు. ఎవరి ముందున్నది వాళ్ళు తినాలి. మంచి మాంసం ముక్క ఎదుటివాడి వైపు తోయడం మర్యాద. తోసినదాన్ని వెనక్కి తోస్తే అవమానించినట్టు. ఈ నాలుగు నెలలూ తోల్కిన్ తన ముందు ముక్కలన్నీ నా వైపు తోసేవాడు. ముక్కలతో పాటు వాటి చుట్టూ ఉన్న అన్నం, నెయ్యిలా మెరిసే క్యారెట్లు, శనగలు కూడా వచ్చేవి. "తిను దోస్త్, నీ చేతిలో బరకత్తు ఉంది, నువ్వు తింటే నాకు కడుపు నిండుతుంది," అనేవాడు. వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ తోసేవాడు. ఎంత ఎత్తుకి ఎదిగినా పెద్దని పెద్దగానే చూస్తున్నాడు, పాపం, అనుకుని తినేవాణ్ణి.

జనవరి మూడో ఆదివారం తోల్కిన్ మేనకోడలి పెళ్ళికని నమన్‌గాన్ వెళ్ళాడు. ఆ రోజు గప్ నోసిర్ ఇంట్లో. నాతో లగన్‌కి నోసిరే కూర్చున్నాడు. నోసిర్ మర్యాదలు తెలియనివాడు, తన ముక్కలు తనే తింటాడు. కాసేపటికి చూస్తే నా ముందు పళ్ళెం అడుగు కనబడుతోంది, నీలం రంగు పువ్వుతో సహా. నా వైపు లగన్ అడుగు ఇంత త్వరగా చూసి ఎన్నాళ్ళయిందో!

"ఇదేంట్రా, ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. సగం నీది, సగం నాది. ప్రతి వారం లగన్ మొత్తం ఊడ్చేవాడివి గదా, ఇవాళ సగం నీకేం సరిపోతుంది?"

"నేనా? లగన్ మొత్తమా?"

నోసిర్ వేళ్ళు నాక్కుంటూ నవ్వాడు. "మరెవరు? వాడు మాట్లాడతాడు, నువ్వు తింటావు. వాడు తోస్తాడు, నువ్వు తింటావు. నీకు తెలిసే తింటున్నావనుకున్నాం. వాడు తగ్గిన కిలోలు ఎటు పోయాయనుకున్నావురా, గాల్లోకా?"

గదంతా ఘొల్లుమంది. మొహిద్దీన్ గుండె పట్టుకుని మరీ నవ్వాడు. వీళ్ళందరికీ తెలుసు. నేను ఆరు రోజులు ముల్లంగి నమిలి, ఏడో రోజున, పెళ్ళిళ్ళ రోజున, ఇద్దరి పులావ్ ఒక్కణ్ణే తింటున్నానని నాకు తప్ప అందరికీ తెలుసు. అది మర్యాద కాదు, నా పరుపు కోసం వేసిన ఎత్తు. పైగా గుండె మీద చెయ్యొకటి!

నేనూ నవ్వాను. ముఖం మాడ్చుకుంటే ఇంకా లోకువవుతాను. ఆ తరవాతి ఆదివారం వంతు నాది. ఇంటికి నడుస్తూనే ఏం చెయ్యాలో అనుకున్నాను.

ఆ వారం నేను పులావ్ వండినట్టు ఎప్పుడూ వండలేదు. ఎర్రటి దెవ్‌జిరా బియ్యం ముందు రోజే ఏరించాను. గొర్రె తోక కొవ్వు ఎప్పుడూ తెచ్చేదానికి రెట్టింపు తెచ్చాను. ఉల్లిపాయలు వేయించడం దగ్గర్నుంచి జీలకర్ర నలిపి చల్లడం దాకా కడాయి దగ్గరికి ఇంకొకర్ని రానివ్వలేదు. మూత తీసేసరికి వాసన వీధి చివరిదాకా పోయింది.

తోల్కిన్ నాకు ఎదురుగా కూర్చున్నాడు. కొత్త చొక్కా, బయటికొచ్చిన మెడ. ఎప్పటిలాగే వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ముక్కలు నా వైపు తోశాడు.

నేను తినలేదు. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"ఇవాళ మీరంతా నా ఇంటికి వచ్చారు. నా చేత్తో పెడతాను," అన్నాను.

ఇంటాయన తన చేత్తో ముద్ద పెడితే కాదనే మగాడు మా ఊళ్ళో పుట్టలేదు. అంతకు మించిన గౌరవం లేదు. అన్నం, మాంసం, రెండు వేళ్ళ మందాన కొవ్వు, అన్నీ కలిపి అరచేతిలో గట్టిగా నొక్కి ముద్ద చేశాను. అందరికంటే ముందు తోల్కిన్ దగ్గరికి వెళ్ళాను.

"దోస్త్, నాకు వద్దురా... నీకు తెలుసుగా, నేను..." అన్నాడు మెల్లిగా.

"ఏం, నా చెయ్యేం పాపం చేసింది?"

"అది కాదు..."

"నోరు తెరవరా!" అని అరిచాడు నోసిర్. "ఎర్గాష్ చేతి ముద్దని కాదంటావా? ఎన్ని గుండెలురా నీకు!" మిగతావాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు.

తోల్కిన్ నోరు తెరిచాడు. మొదటి ముద్ద కళ్ళు గట్టిగా మూసుకుని మింగాడు. రెండో ముద్దకి కళ్ళు తెరిచాడు. మూడోసారి నా చెయ్యి అతని దగ్గరికి చేరకముందే అతనే ముందుకి వంగాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొవ్వు గడ్డం మీదుగా కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు. తరవాత నేను పెట్టలేదు, అక్కర్లేకపోయింది. తనే చెయ్యి పెట్టాడు. తన ముందుది తిని, నా వైపు తోసిన ముక్కల్ని వెనక్కి లాక్కుని తిన్నాడు. లగన్ నాన్ ముక్కతో తుడిచి ఆ ముక్క కూడా తిన్నాడు.

అతను తింటుంటే నాకు పండగలా ఉంది. దాచడం దేనికి? ఆ మెడ మళ్ళీ భుజాల్లోకి దిగిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది. నాలుగు నెలల్లో మొదటిసారి నాకు మనసారా ఆకలి వేసింది, అయినా తినకుండా గ్రీన్ టీ తాగాను.

అందరూ వెళ్ళాక ఓయ్‌దిన్ కడాయి తోముతూ అడిగింది. "తోల్కిన్ గారికి అన్ని ముద్దలు ఎందుకు పెట్టారండీ?"

"మర్యాద."

ఆమె నా ముఖంలోకి చూసి మళ్ళీ కడాయి తోమసాగింది.

ఆ తరవాతి ఆదివారం నేను నా పెద్దరికం ఉపయోగించి సీట్లు మార్చాను. నాతో లగన్‌కి మొహిద్దీన్‌ని కూర్చోబెట్టుకున్నాను. గుండె ఆపరేషన్ అయినవాడు, నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటాడు. ఎవరి వైపూ ఏదీ తోయడు. అతను ఆగినప్పుడే నేనూ ఆగాను. పెళ్ళి పులావ్‌కి వెళ్ళే ముందు ఇంట్లో ఒక గిన్నెడు సూప్ తాగి వెళ్ళాను, అక్కడ మర్యాదకి మూడు ముద్దలు తిన్నాను. మిగతాదంతా ఇదివరకటిలాగే, అదే ముల్లంగి, అదే జావ, అదే కాలవ గట్టు. కిలోలు రాలడం మొదలైంది. ఎనిమిది వారాల్లో ఓయ్‌దిన్ నా కోటుకి గుండీలు లోపలికి జరపాల్సి వచ్చింది. దర్జీ కోటుకి దర్జీ పెళ్ళాం చేత గుండీలు కుట్టించుకోవడంలో ఒక సుఖం ఉంది.

తోల్కిన్ మాత్రం ఆగలేకపోయాడు. నోసిర్‌తో లగన్‌కి కూర్చుని నోసిర్‌ని మించి తిన్నాడు. బడి ఎదురుగా సమోసాలమ్మే అంగడి దగ్గర కనబడుతున్నాడని విన్నాను. ఫిబ్రవరి చివర్లో నా కొట్టుకి వచ్చి ప్యాంటు బల్ల మీద పెట్టాడు.

"కొంచెం వదులు చెయ్యరా," అన్నాడు, నా వంక చూడకుండా.

"ఎంత?"

"నువ్వే చూడు."

టేపు పెట్టాను. అంకె ఈసారి బయటికి చదివాను. నేను మంచివాణ్ణని మీకు ఎప్పుడూ చెప్పలేదు.

నవ్రూజ్ ముందు ఆదివారం నోసిర్ కొట్లో కాటా మీదికి మళ్ళీ ఒక్కొక్కరం ఎక్కాం. మిగతావాళ్ళు రెండు కిలోలు, మూడు కిలోలు. నేను తొంభై తొమ్మిది. అంటే తొమ్మిది తగ్గాను. తోల్కిన్ చివర్న ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి నూట నాలుగు దగ్గర ఆగింది. ఎనిమిది. ఒక్క కిలో తేడాతో పరుపు నాదే. నోసిర్ నన్ను కావిలించుకున్నాడు, మొహిద్దీన్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అందరం మొహిద్దీన్ ఇంటికి వెళ్ళాం. పైభాగాన నా పరుపు మీద నేను కూర్చున్నాను. పియాలాల్లో టీ పోశారు. గెలిచినవాడికి కప్పడానికి నీలం చారల చపాన్ తెచ్చి పెట్టారు. దాన్ని కప్పే గౌరవం ఓడినవాడిది. తోల్కిన్ లేచి వచ్చి, ఆ కోటు నా భుజాల మీద వేసి, అక్కడే నిలబడిపోయాడు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు. "మీకు తెలిసినా ఎవరూ ఎత్తలేదు. నేను అక్టోబర్నుంచీ నా పులావ్ ఎర్గాష్ వైపు తోశాను. మర్యాదకి కాదురా. వీడి సీటు నాకు కావాలని. నలభై ఏళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఎర్గాష్ పెద్ద, నేను ఎర్గాష్ వెనకాల నడిచే లావుపాటివాణ్ణి. ఒక్కసారైనా పైన కూర్చోవాలనిపించింది. వాడు పెరగాలి, నేను తగ్గాలి, అదీ నా లెక్క. సిగ్గు లేకుండా గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ తోశాను."

నోసిర్ చేతిలో పియాలా కింద పెట్టాడు.

"వీడికి తెలిసిపోయిందని నోసిర్ నాకు చెప్పాడు. ఆ ఆదివారం భయపడుతూ వెళ్ళాను, అయినా ఏమీ ఎరగనట్టు తోశాను. పదిమందిలో నా పరువు తీస్తాడనుకున్నా. వీడేం చేశాడు? లేచి, తన చేత్తో మూడు ముద్దలు పెట్టాడు. అందరికంటే ముందు నాకు పెట్టాడు. మా అమ్మ పోయాక ఎవరూ నాకలా పెట్టలేదు." అతను చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. "ఆ ముద్ద తిన్నాక మళ్ళీ ఆ ముల్లంగి, ఆ లెక్కలు నా వల్ల కాలేదు. వీడితో పోటీ పడాలనే అనిపించలేదు. పెద్ద అంటే వీడేరా. ఎప్పటికీ వీడే."

మొహిద్దీన్ కళ్ళు తుడుచుకున్నాడు. నోసిర్ కూడా తుడుచుకున్నాడు, ఆ మర్యాద తెలియనివాడు. తొమ్మిది ముఖాలూ నా వైపు తిరిగాయి. నేను మాట్లాడాలని ఎదురుచూస్తున్నాయి.

నిజం నా నాలుక చివరికి వచ్చింది. ఆ ముద్దలు నేను ప్రేమతో పెట్టలేదురా, నీ మెడ చూడలేక పెట్టాను. రెండు వేళ్ళ మందాన కొవ్వు ఏరి ఏరి పెట్టాను. అది చెబితే పరుపు పోతుంది, వాడు నా భుజాల మీద కప్పిన కోటు తీసేస్తాడు, ఈ తడి కళ్ళన్నీ ఆరిపోతాయి.

"టీ చల్లారిపోతోంది, తాగండి," అన్నాను.

అందరూ నవ్వారు, ఎంత వినయం అనుకున్నారు. తోల్కిన్ వెళ్ళి గుమ్మం పక్కన తన చోట కూర్చున్నాడు. తేలిగ్గా, హాయిగా, నిన్నటిదాకా మోసిన బస్తా ఎవరికో అప్పగించి వచ్చినవాడిలా కూర్చున్నాడు. తన తప్పు పదిమందిలో నిలబడి చెప్పుకోగలిగాడు వాడు. నేను పైన కూర్చుని చూస్తున్నాను. నూట నాలుగు కిలోల ఆ మనిషి మీద నాకు అంతకు ముందెన్నడూ లేనంత అసూయ పుట్టింది.